బోరు నీళ్లతో కారు కడిగినా తెల్ల మచ్చలు పడకుండా ఎలా?

"కారు కడిగి, టిఫిన్ చేసి బయటికొచ్చేసరికి బానెట్ నిండా తెల్ల చుక్కలు. ఏ షాంపూ కొనాలి?" నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల వైపు కారు కొన్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. ముదురు రంగు కారైతే మొదటి వారంలోనే అడుగుతారు.

షాంపూ మార్చకండి, నీళ్లు మార్చండి. అన్ని నీళ్లూ మార్చక్కర్లేదు. చివరగా పోసే ఐదారు లీటర్లు మారిస్తే చాలు. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా దానంతటది ఆరిపోకుండా తుడవాలి. ఈ రెండూ కుదిరితే మిగతా కడుగుడంతా మీ బోరు నీళ్లతోనే కానివ్వండి.

మచ్చ ఎందుకు పడుతుంది

నీళ్లు ఆవిరైపోతాయి, అందులో కరిగిన ఉప్పులు ఆవిరి కావు. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే కొలత. టీడీఎస్ 1000 ఉన్న బోరు నీళ్లంటే లీటరు ఆరిపోతే సుమారు గ్రాము తెల్లపొడి మిగులుతుంది. కడిగాక కారు మీద ఒక గ్లాసుడు నీళ్లు అలాగే ఆరినా, ఆ పొడంతా మీ పెయింట్ మీదే ఉంటుంది. వాటర్ హీటర్ రాడ్డుకు పట్టే తెల్లపొర కూడా ఈ సరుకే.

మన దగ్గర చాలామంది దీన్ని ఫ్లోరైడ్ మీదికి తోస్తారు. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేసిన చెరుపు మన నల్లగొండ జిల్లాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ అది లీటరులో ఉండేది మిల్లీగ్రాముల్లోనే. తాగునీటి ప్రమాణం ప్రకారం 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం. కారు మీద కనిపించే మచ్చకు అసలు కారణం వందల మిల్లీగ్రాముల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, వాటికి తోడు సిలికా. అందుకే "మా బోరులో ఫ్లోరైడ్ లేదని టెస్టులో వచ్చింది" అన్నంత మాత్రాన మచ్చలు పడవని అనుకోకండి.

మీ నీళ్ల సంగతి తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. శుభ్రంగా తుడిచిన స్టీలు పళ్లెం మీద బోరు నీళ్లు ఒక చుక్క, నల్లా నీళ్లు ఒక చుక్క, క్యాను నీళ్లు ఒక చుక్క విడివిడిగా వేసి ఎండలో పెట్టండి. ఆరాక చూడండి. బోరు చుక్క ఉన్నచోట అంచు మందంగా, నడుమ పల్చగా తెల్లని వలయం కనిపిస్తుంది. క్యాను నీళ్ల చుక్క ఎక్కడ వేశారో వెతుక్కోవాలి. పెన్ను లాంటి టీడీఎస్ మీటరు కొంటే నంబరు కూడా తెలుస్తుంది. చివరి కడుగుకు 100 లోపు ఉన్న నీళ్లయితే నిశ్చింత. 50 లోపైతే ఇంకా మేలు.

ఏమేం కావాలి

- రెండు బకెట్లు. ఖాళీ అయిన 20 లీటర్ల పెయింట్ బకెట్లు బాగా కడిగి వాడొచ్చు. ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి.
- కారు షాంపూ. బట్టల పొడి, గిన్నెల సబ్బు వద్దు.
- కారు కడిగే మైక్రోఫైబర్ గ్లవుజు. స్పాంజి వద్దు, ఇసుక రేణువును పట్టి ఉంచి పెయింట్ మీద గీస్తుంది.
- తుడవడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్ ఒకటి, చిన్నవి రెండు.
- చక్రాలకు వేరే పాత గుడ్డ, వేరే బ్రష్.
- ఆర్వో నీళ్లు ఐదారు లీటర్లు. వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాన్‌లో పావు వంతు, లేదా కాస్త ఎక్కువ అన్నమాట.
- చేత్తో గాలి కొట్టే రెండు లీటర్ల స్ప్రేయర్. మొక్కలకు నీళ్లు కొట్టేది ఉంటుంది కదా, అదే. లేకపోతే మగ్గు చాలు.

స్ప్రేయర్ విషయంలో ఒక హెచ్చరిక. చేనుకు మందు కొట్టే పంపు ఇంట్లో ఉంది కదా అని దాన్ని దించకండి. ఎంత కడిగినా మందు వాసన, జిడ్డు పోవు. ఆ నీళ్లు చేతులకూ, వాకిట్లో ఆడుకునే పిల్లలకూ మంచివి కావు. కొత్తది కొనండి.

ఆర్వో నీళ్లకు బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోవచ్చు. అవి గాలిలోని తేమ చల్లబడి దిగిన నీళ్లు, లవణాలు దాదాపు ఉండవు. పైపు చివర డబ్బా పెడితే వానాకాలంలో ఒక రాత్రికే కావల్సినన్ని వస్తాయి. మే నెల పొడి గాలిలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. దుమ్ము తేలకుండా గుడ్డలో వడకట్టి వాడండి. వాన నీళ్లు కూడా బంగారమే, కాకపోతే మొదటి జల్లు మిద్దె మీది మట్టినంతా తెస్తుంది, అది వదిలేసి తర్వాతి నీళ్లు పట్టండి.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడొచ్చా అని అడుగుతారు. కృష్ణా నీళ్లు కాబట్టి మామూలుగా మన బోర్లకంటే చాలా నయం. కానీ అవి తాగడానికి వచ్చే నీళ్లు, పైపు పెట్టి కారు మీద వదలడం నాకు నచ్చదు. చివరి కడుగుకు అర బకెట్ తీసుకుంటే సరిపోతుంది. దానికీ ముందు పళ్లెం పరీక్ష చేయండి.

1. వేళ, చోటు చూసుకోండి

మన ఎండలో సగం పోరాటం ఇక్కడే. పొద్దున ఏడింటి లోపు ముగించండి, లేదా పొద్దుగూకాక మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరింటికి కూడా బానెట్ కాలుతూనే ఉంటుంది. అరచేయి వెనక వైపు బానెట్ మీద పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి. హాయిగా పెట్టగలిగితే మొదలుపెట్టొచ్చు, చెయ్యి తీసేయాలనిపిస్తే ఆగండి. అప్పుడే ఊరి నుంచి వచ్చిన కారైతే ఎండ లేకపోయినా ఇంజన్ వేడి ఉంటుంది, అరగంట వదిలేయండి.

నీడ గోడదైతే మంచిది. చెట్టు కింద పెడితే ఆకులు, పూత, పిట్టల రెట్టలు మీరు కడుగుతుండగానే పడతాయి. గాలి ఎక్కువున్న రోజు కూడా కడగొద్దు. నీళ్లు తొందరగా ఆరతాయి, తడి మీద దుమ్ము వచ్చి కూర్చుంటుంది.

2. ముందు చక్రాలు

చక్రాలు చివర కడిగితే అక్కడి బురద నీళ్లు కడిగిన తలుపుల మీద చిందుతాయి. అందుకే మొదలే కానిచ్చేయండి. బ్రేకులు వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్లు పోయొద్దు. చక్రాల గుడ్డ ఇక అక్కడికే, బాడీ మీదికి రాకూడదు.

3. దుమ్మును నీళ్లతో దించండి

పొడి గుడ్డతో దుమ్ము దులపడం మనకు అలవాటు. పెయింట్ మీద సన్నని గుండ్రటి గీతలు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. పైకప్పు నుంచి కిందికి ధారాళంగా నీళ్లు పోయండి. ఎర్రమట్టి తొందరగానే జారిపోతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఉండేవాళ్ల కార్ల మీద ఊక బూడిద పడుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికానే, గరుకు సరుకు. దాన్ని అస్సలు రుద్దకండి, రెండుసార్లు నీళ్లు పోయండి. హుజూర్‌నగర్, మట్టపల్లి దారిలో సిమెంటు దుమ్ము పట్టిన కారుకూ అంతే. ఆ దుమ్ము మంచులో తడిసి గట్టిపడకముందే, ఇంటికొచ్చిన రోజే నీళ్లు కొట్టండి.

రాత్రిపూట వరిచేల పక్క రోడ్డు మీద వచ్చిన కారు ముందు బంపర్‌కు పురుగులు అంటుకుని ఉంటాయి. తడిగుడ్డ ఐదు నిమిషాలు కప్పి ఉంచితే నానతాయి. గోటితో గీకొద్దు.

4. ఒక్కో భాగం కడుగుతూ, వెంటనే నీళ్లు పోస్తూ

షాంపూ సీసా మీద రాసినంతే కలపండి. ఎక్కువ పోస్తే నురగ ఎక్కువొస్తుంది, మురికి ఎక్కువ పోదు. పైగా మన ఉప్పు నీళ్లలో ఆ షాంపూ వదలక చారలు పెడుతుంది.

పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తర్వాత తలుపుల పై సగం, చివరికి కింది సగం. గ్లవుజును తిన్నగా ముందుకీ వెనక్కీ నడపండి, గుండ్రంగా తిప్పొద్దు. ఒక్కో భాగం అయ్యాక రెండో బకెట్‌లో జాడించి, పిండి, మళ్లీ షాంపూలో ముంచండి.

కారంతా నురగ పట్టించి ఆ తర్వాత ఒకేసారి కడుగుదామనుకోవద్దు. మీరు డిక్కీ దగ్గరికి చేరేలోపు పైకప్పు మీద నురగ ఆరిపోయి ఉంటుంది. ఒక తలుపు రుద్దారా, ఆ తలుపు మీద నీళ్లు పోసి ముందుకు కదలండి. ఇప్పటికే కడిగిన భాగాలు ఆరుతున్నట్టనిపిస్తే వాటి మీద మళ్లీ ఓ మగ్గు చల్లండి. చివరి కడుగు దాకా కారు తడిగానే ఉండాలి.

5. పైపుకు నాజిల్ తీసేసి ఒకసారి

నురగంతా పోయాక పైపు చివర నాజిల్ తీసేసి, నీళ్లు చిందకుండా పైకప్పు అంచున మెల్లగా వదలండి. నీళ్లు చుక్కలుగా కాకుండా పల్చటి పొరలా కిందికి జారతాయి, పోతూ పోతూ అక్కడున్న చుక్కల్ని కూడా లాక్కుపోతాయి. తుడవాల్సిన నీళ్లు సగానికి తగ్గుతాయి. పైపు లేనివాళ్లు మగ్గును కారుకు దగ్గరగా పెట్టి వంచండి, దూరం నుంచి విసరొద్దు.

6. చివరి నీళ్లు

ఇప్పుడు స్ప్రేయర్‌లో ఆర్వో నీళ్లు. ఇవి మురికి పోవడానికి కాదు, కారు మీద మిగిలిన బోరు నీళ్లను కిందికి నెట్టేయడానికి. అందుకని పైనుంచి మొదలుపెట్టి ప్రతి భాగం మీద కిందికి జారేంత కొట్టండి, ఊరికే తుంపర్లు చల్లితే లాభం లేదు. పైకప్పు, బానెట్, డిక్కీ, అద్దాలకు ఎక్కువ వాటా ఇవ్వండి. ఎండ నేరుగా పడేవి అవే, నీళ్లు నిలిచేవీ అవే. చిన్న కారుకు ఐదు లీటర్లు, పెద్ద బండికి ఎనిమిది దాకా పట్టొచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉంది కదా అని దాని నుంచి బయటికి పోయే వృథా నీళ్లను బకెట్‌కు పట్టి కారుకు వాడతారు. నీళ్లు ఆదా చేద్దామన్న ఆలోచన మంచిదే. కానీ మంచినీళ్ల నుంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ వృథా నీళ్లలోనే. వాటి టీడీఎస్ ఫిల్టర్‌లోకి వెళ్లిన నీళ్లకంటే ఎక్కువ. టైర్లకు, వాకిలి కడగడానికి వాడుకోండి, పెయింట్ మీదికి మాత్రం వద్దు.

ఇంటికి సాఫ్ట్‌నర్ పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి చోట సోడియం పెడుతుంది. టీడీఎస్ ఏమంత తగ్గదు కాబట్టి మీటరు చూసి "ఇది పనిచేయడం లేదు" అని టెన్షన్ పడకండి. మచ్చలు పడతాయి, కాకపోతే తడిగుడ్డతో సులువుగా పోతాయి.

7. తుడవడం

పెద్ద టవల్‌ను పూర్తిగా విప్పి బానెట్ మీద పరవండి. అంచులు రెండు చేతుల్తో పట్టుకుని మీ వైపు మెల్లగా లాగండి. నొక్కి రుద్దే పని లేదు. టవల్ తన బరువుతోనే నీళ్లు పీల్చుకుంటుంది. ఒక్కసారి లాగిన చోట పల్చటి తడి పొర మిగిలి, చూస్తుండగానే ఆరిపోతుంది. అది ఆర్వో నీళ్ల తడి కాబట్టి ఏమీ కాదు. కానీ చుక్కలు మిగిలితే మాత్రం రెండోసారి లాగండి. తలుపులకు టవల్‌ను నాలుగు మడతలు చేసి పైనుంచి కిందికి అద్దండి. బరువెక్కగానే పిండేయండి. తడిసిపోయిన టవల్ నీళ్లను పీల్చదు, ఇటు నుంచి అటు జరుపుతుందంతే.

లుంగీ, పాత బనియన్, చీర ముక్క వాడొచ్చా? పాత నూలుబట్ట నీళ్లు పీలుస్తుంది, కాదనను. కానీ అంచు కుట్లు, బొత్తాలు, జిప్పులు పెయింట్ మీద గీతలు పెడతాయి. తలుపుల లోపలి అంచులకు వాడుకోండి.

8. దాక్కున్న నీళ్లు

అంతా తుడిచాక పది నిమిషాలకు సైడ్ మిర్రర్ కింద నుంచి ఒక చార తలుపు మీదికి దిగుతుంది. అద్దం వెనక నిలిచిన నీళ్లు అవి, ఇందాకటి బోరు నీళ్లే. ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి: తలుపు హ్యాండిళ్లు, పెట్రోలు మూత, నంబర్ ప్లేటు, వెనక లైట్ల అంచులు, కిటికీ అద్దాల రబ్బరు బీడింగు, డిక్కీ పైన స్పాయిలర్. నాలుగు తలుపులూ, బానెట్, డిక్కీ తెరిచి అంచులు తుడవండి. పెట్రోలు మూత తెరిచి లోపల కూడా. తర్వాత వీధిలో ఒక చుట్టు తిరిగి రండి. గాలికీ కుదుపుకూ మిగిలిన నీళ్లు బయటికొస్తాయి, బ్రేకులు కూడా ఆరతాయి. చిన్న టవల్ సీటు మీద పెట్టుకునే బయల్దేరండి, దిగగానే తుడవాలి. ఇంట్లో బ్లోయర్ ఉంటే ఆ చుట్టు అక్కర్లేదు.

9. సరిగ్గా వచ్చిందా?

ఫోన్ టార్చి వెలిగించి పెయింట్‌కు ఏటవాలుగా పట్టండి. నేరుగా పడే వెలుగులో మచ్చ కనపడదు. అద్దాలను లోపల కూర్చుని వెలుగు వైపు చూడండి. తెల్ల కార్లవాళ్లు "మాకు మచ్చలే పడవు" అంటారు, ముందు అద్దం లోపలి నుంచి చూశాక ఆ మాట అనరు. మర్నాడు ఎండలో బానెట్ మీద వేళ్లు ఆనించి జరపండి. నున్నగా ఉంటే పని అయినట్టే. గరుకు తగిలిన చోటు గుర్తుపెట్టుకుని, వచ్చేసారి అక్కడ ఆర్వో నీళ్లు ఎక్కువ కొట్టండి.

ఇప్పటికే పడ్డ మచ్చలకు

నిన్నో మొన్నో పడ్డవైతే ఆర్వో నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ కాసేపు కప్పి, మెల్లగా తుడిస్తే చాలావరకు పోతాయి. పొడిగుడ్డతో మాత్రం రుద్దకండి, ఆ పొడే పెయింట్‌ను గీస్తుంది.

పోకపోతే తెల్ల వెనిగర్‌లో అంతే ఆర్వో నీళ్లు కలపండి. చల్లటి పెయింట్ మీద, నీడలో, ముందు ఎవరికీ కనపడని మూల చూడండి. గుడ్డను ఆ కలిపిన నీళ్లలో ముంచి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి తీసి, వెంటనే నీళ్లు పోసి, షాంపూతో కడగండి. వెనిగర్ అక్కడ ఆరిపోకూడదు. కడిగిన చోట మైనం పొర పోతుంది కాబట్టి మళ్లీ వ్యాక్స్ పెట్టుకోవాలి.

వెనిగర్‌కూ లొంగక, వేలితో తడిమితే గుంటలా తగిలితే అది పెయింట్ పై పొరనే తినేసిన మచ్చ. ఇక కడగడంతో పోదు. పాలిషింగ్ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అద్దాల మీది మొండి మచ్చలకు సీరియం ఆక్సైడ్ ఉన్న గ్లాస్ పాలిష్ దొరుకుతుంది.

బాత్రూం టైల్స్ కడిగే యాసిడ్‌తో అద్దం మెరిసిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మచ్చ పోతుంది నిజమే. దాంతో పాటు వైపర్ దగ్గరి మెటల్, రబ్బరు, నంబర్ ప్లేటు స్క్రూలు, కింద నేల మీది గచ్చు కూడా పోతాయి. పొగ కళ్లకు, ఊపిరికి ప్రమాదం.

సిరామిక్ కోటింగ్ ఉన్నవాళ్లకు

సిరామిక్ కోటింగ్ అంటే పెయింట్ మీద వేసే రక్షణ పొర. అది ఉంటే మచ్చలు పడవని షాపులో చెప్పి ఉంటారు. కోటింగ్ మీద నీళ్లు గుండ్రటి ముత్యాల్లా నిలుస్తాయి. ఒక్కో ముత్యం ఆరితే అందులోని ఉప్పంతా ఒక్క చుక్కలోనే గడ్డకడుతుంది. మచ్చ తీయడం సులువవుతుంది, పడకపోవడం మాత్రం జరగదు. వ్యాక్స్‌కూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి చివరి నీళ్లు, టవల్ మీకూ తప్పవు. లాన్ స్ప్రింక్లర్లు, పక్కింటి వాళ్లు మొక్కలకు కొట్టే పైపు చుక్కలు కూడా అంతే చేస్తాయి, కారును కాస్త దూరంగా పెట్టండి.

నీళ్లకు కటకటగా ఉంటే, అపార్ట్‌మెంట్ అయితే

బోర్లు ఎండిపోయే రోజుల్లో పైపు పెట్టి కడగడం ఎలాగూ కుదరదు. రిన్స్‌లెస్ షాంపూ అని దొరుకుతుంది, కడగాల్సిన పని లేనిది. అర బకెట్ ఆర్వో నీళ్లలో సీసా మీద చెప్పినంత కలిపి, ఒక్కో భాగం తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడి టవల్‌తో ఆరబెట్టుకుంటూ పోవడమే. పది లీటర్లతో కారంతా అవుతుంది, మచ్చల గొడవే లేదు. మట్టి దట్టంగా పట్టిన కారుకు మాత్రం పనికిరాదు, గీతలు పడతాయి. పొలానికి వెళ్లొచ్చిన కారైతే ముందు నీళ్లు పోయాల్సిందే.

టవళ్ల సంగతి

మైక్రోఫైబర్ టవళ్లను ఇంట్లో బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, నూలు పోగులన్నీ వాటికే అంటుకుంటాయి. బట్టలకు సువాసన కోసం పోసే ద్రవం అస్సలు వద్దు. అది పోగుల్ని కప్పేసి నీళ్లు పీల్చనివ్వదు. విడిగా, కొద్ది ద్రవ సబ్బుతో కడిగి, నీడలో ఆరేయండి. బోరు నీళ్లలో ఆరిన టవల్ గరుకుగా మారితే చివరి జాడింపు ఆర్వో నీళ్లలో చేయండి. కడుగుతున్నప్పుడు టవల్ నేల మీద పడితే ఎంత కొత్తదైనా సరే, ఆ రోజుకు దాన్ని చక్రాల గుడ్డల్లో వేసేయండి.